డప్పు కొట్టని వెలి: యుద్ధం నుంచి తిరిగొచ్చిన తరం నవలల్ని ఎలా చదవాలి, పూర్తి గైడ్

అమెరికన్ రచయిత హెమింగ్వే ‘ద సన్ ఆల్సో రైజెస్’ని మొదటిసారి డెబ్భై పేజీల దగ్గర పక్కన పడేశాను. తాగుతారు, టాక్సీ ఎక్కుతారు, ఇంకో చోట దిగి మళ్ళీ తాగుతారు, బిల్లు కడతారు, అంతే. యుద్ధం మీద గొప్ప నవల అని చెప్పి నా చేతిలో పెట్టిన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఇందులో యుద్ధం ఎక్కడుందిరా బాబూ అంటే వాడు నవ్వి, యుద్ధం కోసం వెతక్కు, ఎవరి పక్కన ఎవరూ కూర్చోవట్లేదో అది చూడు అన్నాడు. ఆ మాట నా బుర్రకెక్కడానికి ఇంకో నాలుగైదు పుస్తకాలు పట్టింది, ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క మాటకి నేను రాసుకున్న వివరణే అనుకోండి.

మన ఊళ్ళల్లో వెలి అంటే ఏంటో తెలిసిందే. పెద్దమనుషులు కూర్చుంటారు, తీర్మానం చేస్తారు, దండోరా వేయిస్తారు, ఆ ఇంటికి నిప్పు నీళ్ళు బంద్, మాట్లాడినవాడికి జరిమానా. ఘోరమే, కానీ కనీసం వెలి వేశారని అవతలివాడికి తెలుస్తుంది. ఈ నవలల్లో తీర్మానం ఉండదు, డప్పు ఉండదు. పైగా దండలేసి స్టేషన్లో దింపుకుంటారు, హీరో అంటారు, కూర్చో నాయనా అంటారు, ఆ తర్వాత నెమ్మదిగా వాడికే తెలిసొస్తుంది తనకి ఇక్కడ చోటు లేదని. అది ఏ సీన్లో, ఏ వాక్యంలో జరిగిందో పట్టుకోవడమే ఇక్కడ మన పని.

ముందు పుస్తకాలు, వరస

ఒకేసారి పది పెట్టుకోకండి, నాలుగు చాలు. రెమార్క్, హెమింగ్వేలది మొదటి ప్రపంచ యుద్ధం, బోర్షెర్ట్, దజాయ్‌లది రెండోది. నా వరస ఇదీ. మొదట జర్మన్ రచయిత వోల్ఫ్‌గాంగ్ బోర్షెర్ట్ రాసిన ‘ద మ్యాన్ ఔట్‌సైడ్’. నవల కాదు నాటకం, జర్మన్ పేరుకి తలుపు బయట అని అర్థం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. తర్వాత ఇంకో జర్మన్ రచయిత రెమార్క్ ‘ద రోడ్ బ్యాక్’. ‘ఆల్ క్వైట్ ఆన్ ద వెస్ట్రన్ ఫ్రంట్’ ఇదివరకే చదివుంటే మంచిది, లేకపోతే కొంపేం మునగదు. మూడోది హెమింగ్వే. నాలుగోది జపాన్ రచయిత దజాయ్ ఒసాము ‘ద సెట్టింగ్ సన్’, డోనాల్డ్ కీన్ ఇంగ్లీషు అనువాదం సులువుగా దొరుకుతుంది, సాఫీగా ఉంటుంది. హెమింగ్వే పుస్తకమైతే 2022 నుంచి కాపీరైట్ తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా, చట్టబద్ధంగానే దొరుకుతుంది.

హెమింగ్వేతో మొదలుపెట్టొద్దు అని ఎందుకంటున్నానంటే ఆయన అన్నీ దాస్తాడు. బోర్షెర్ట్ ఏదీ దాచడు, అరుస్తాడు. ముందు అరిచేవాడి దగ్గర చెవి అలవాటు చేసుకుంటే తర్వాత గొణిగేవాడిది కూడా వినపడుతుంది.

స్టెప్ 1: మూడు తేదీలు రాసుకోండి

పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో మూడు రాయండి: యుద్ధం ఎప్పుడు అయిపోయింది, కథ ఎప్పుడు జరుగుతోంది, పుస్తకం ఎప్పుడొచ్చింది. చిన్న పనే, కానీ చాలా తప్పుడు అర్థాలు ఇక్కడే ఆగిపోతాయి.

‘ద రోడ్ బ్యాక్’ తీసుకోండి. కథ మొదలయ్యేది 1918 చివర్లో, సైనికులు కాలినడకన జర్మనీకి తిరిగొస్తుంటే. పుస్తకం వచ్చింది 1931లో. ఆ పదమూడేళ్ళలో జర్మనీలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 1923 నవంబర్లో ఒక డాలర్‌కి 4.2 లక్షల కోట్ల మార్కులు, తర్వాత కాస్త ఊపిరి, 1929 తర్వాత మళ్ళీ నిరుద్యోగం, పక్కనే నాజీలు పెరుగుతున్నారు. అంటే రెమార్క్ పాత గాయం గురించి రాస్తున్నట్టే ఉంటుంది గానీ ఆ గాయాన్ని అప్పుడే ఎవరో తమ జెండాకి వాడుకుంటున్నారు, అది చూస్తూ రాస్తున్నాడు. రెండేళ్ళకి, 1933 మే 10న, ఆయన పుస్తకాల్ని మంటల్లో వేశారు, 1938లో పౌరసత్వం తీసేశారు, 1943లో ఆయన చెల్లెలు ఎల్ఫ్రీడని జర్మనీ ఓడిపోతుందని అన్నందుకు గిలెటిన్ ఎక్కించి చంపారు. తలుపు బయట నిలబెట్టడం నవల్లో మాత్రమే జరగలేదన్నమాట.

ఇంకో ఉదాహరణ, ఇది చాలామంది చేసే పొరపాటు. దజాయ్ ‘నో లాంగర్ హ్యూమన్’ 1948లో వచ్చింది కాబట్టి అది యుద్ధానంతర నిస్పృహ అని రివ్యూల్లో రాసేస్తుంటారు, కానీ అందులో హీరో యోజో జీవితం దాదాపు అంతా యుద్ధానికి ముందుదే. చదివినవాళ్ళు, అంటే 1948లో ఓడిపోయిన దేశంలో ఉన్న కుర్రాళ్ళు, వాళ్ళు దాంట్లో తమని చూసుకున్నారు, అది వేరే సంగతి. అందుకే నేను మొదలుపెట్టడానికి దాన్ని కాకుండా ‘ద సెట్టింగ్ సన్’ని చెప్తున్నా.

స్టెప్ 2: తలుపులు, భోజనాల బల్లలు లెక్కపెట్టండి

దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి, అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

బోర్షెర్ట్ నాటకంలో ఇది ఎంత తేటగా ఉంటుందంటే పిల్లలకి కూడా చెప్పొచ్చు. బెక్‌మన్ అనేవాడు సైబీరియాలో మూడేళ్ళుండి హాంబర్గ్ తిరిగొస్తాడు, ఒక కాలు కుంటుతుంది, కళ్ళకి గ్యాస్ మాస్క్ లోపల పెట్టుకునే మిలటరీ కళ్ళజోడు, అంతకు మించి లేదు పాపం. మొదటి తలుపు సొంతిల్లు, లోపల భార్య పక్కన ఇంకొకడు. చచ్చిపోదామని ఎల్బ నదిలో దూకితే నది కూడా, ఆవిడ ముసలి ఆడమనిషిలా మాట్లాడుతుంది, పో అవతలికి అని ఒడ్డుకి విసిరేస్తుంది. తర్వాత పాత కల్నల్ ఇల్లు. అక్కడ కుటుంబమంతా వెచ్చగా భోజనం చేస్తుంటారు. బెక్‌మన్ అడిగేది డబ్బు కాదు, కూడు కాదు. మీరు నాకు అప్పజెప్పిన బాధ్యత వెనక్కి తీసుకోండి సార్, ఆ రాత్రి నా కింద పదకొండు మంది పోయారు, నాకు నిద్ర పట్టట్లేదు అంటాడు. కల్నల్‌కి ముందు చిరాకు, తర్వాత నవ్వొస్తుంది, వీడు జోకులేస్తున్నాడు, స్టేజీ ఎక్కితే బాగుంటాడు అనుకుంటాడు. సరే అని క్యాబరే వాడి దగ్గరికెళ్తే నిజం ఎవడిక్కావాలయ్యా అని పంపిస్తాడు. చివరికి అమ్మానాన్నల ఇంటి తలుపు, అక్కడ ఇంకెవరిదో నేమ్‌ప్లేట్. వాళ్ళు గ్యాస్ తిప్పుకుని చనిపోయారని చెప్పిన ఆవిడ, ఆ గ్యాస్‌తో నెల రోజులు వంట చేసుకోవచ్చని నొచ్చుకుంటుంది.

ఈ సీన్ చదివి ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం తేలికే, నేనూ తెచ్చుకున్నా. కానీ గ్యాస్ కరువున్న ఊళ్ళో ఆవిడ లెక్క ఆవిడది, ఆవిడ రాక్షసి కాదు, అదే భయం పుట్టిస్తుంది. బోర్షెర్ట్ నాటకం స్టేజీ మీదికి రావడానికి సరిగ్గా ఒక రోజు ముందు, 1947 నవంబర్ 20న, 26 ఏళ్ళకే పోయాడు.

ఇప్పుడు బల్లలు. ‘ద రోడ్ బ్యాక్’లో కథ చెప్పే సైనికుడు ఎర్న్‌స్ట్ బంధువుల ఇంటికి విందుకెళ్తాడు. కార్ల్ మామ ఇల్లు, గొప్పవాళ్ళు, వెండి ఫోర్కులు. మాంసం ముక్క వస్తుంది, కుర్రాడు యుద్ధంలో ఏళ్ళ తరబడి దొరికింది దొరికినట్టు తిన్నవాడు కదా, పరధ్యానంలో ఎముక చేత్తో పట్టుకుని కొరుకుతుంటాడు. తలెత్తి చూస్తే బల్లంతా నిశ్శబ్దం. ఎవరూ ఏమీ అనరు. ఇలాంటి చోట ఆగి పక్కన ఒక గీత గీయండి, ఎందుకంటే నవల్లో ఎవరో చచ్చిపోయే సీన్లకంటే ఇక్కడే వెలి పడింది. పెళ్ళిళ్ళలో పంక్తిలో మనవాడిని చూసి పక్కవాడు విస్తరి కొంచెం జరుపుకోవడం చూసినవాళ్ళకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

‘ఆల్ క్వైట్’ చదివితే పాల్ అనే కుర్ర సైనికుడు సెలవు మీద ఇంటికొచ్చిన అధ్యాయం తీయండి. పాత సూటు బిగుతైపోతుంది, అలమరలో తను ప్రాణంగా దాచుకున్న పుస్తకాలు పలకరించవు. బీర్లు తాగుతూ ఊరి పెద్దలు బెల్జియం మొత్తం మనకే రావాలి, ఫ్రాన్స్‌లో బొగ్గు గనులు రావాలి అని పంచేసుకుంటుంటారు. పాల్ ఏదో చెప్పబోతే, నువ్వు నీ చిన్న ముక్క మాత్రమే చూస్తావు బాబూ, మొత్తం సంగతి నీకేం తెలుస్తుంది అంటారు. బురదలో ఉన్నవాడికి యుద్ధం తెలీదట, బల్ల దగ్గరున్నవాళ్ళకి తెలుసట.

వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలొవే’ కూడా దొరికితే చివరి పార్టీ భాగం ఒక్కటి చూడండి. సెప్టిమస్ అనే మాజీ సైనికుడు కిటికీలోంచి దూకి చనిపోయిన వార్త ఆ పార్టీలోకి ఎలా వస్తుందంటే, డాక్టరు గారి దంపతులు ఆలస్యంగా వచ్చినందుకు చెప్పే కారణంలా వస్తుంది.

చేయాల్సింది ఇదే: నోట్‌బుక్‌లో ఒక్కో తలుపుకి, ఒక్కో బల్లకి ఒక లైను. ఎవరు లోపల, ఎవరు బయట, ఏ పనితో లేదా ఏ మాటతో తెలిసింది. ఎక్కువసార్లు మాట ఉండదు, మౌనమో నవ్వో ఉంటుంది, అదే రాయండి.

స్టెప్ 3: చచ్చిపోయిన మాటల్ని ఏరండి

ఇక్కడ మన భాషలో ఒక తేడా బాగా పనికొస్తుంది. ఆశాభంగం వేరు, భ్రమ వీడటం వేరు. సినిమా టికెట్ దొరక్కపోతే ఆశాభంగం, సినిమా ఇంకా ఉంది, మళ్ళీ వెళ్ళొచ్చు. భ్రమ వీడటం అంటే అక్కడ అసలు థియేటరే లేదని తెలియడం. ఈ తరానికి జరిగింది రెండోది. అది మొదట కనపడేది కథలో కాదు, మాటల్లో.

‘ద రోడ్ బ్యాక్’లో కుర్రాళ్ళు మళ్ళీ క్లాసులకి వస్తే పెద్దాయన లేచి ప్రసంగం మొదలుపెడతాడు, మన అమరులు పచ్చటి గడ్డి కింద శాశ్వత నిద్రలో ఉన్నారు అని. విల్లీ అనేవాడు పకపకా నవ్వుతాడు. పచ్చగడ్డా, వాళ్ళు బురద గుంటల్లో ముక్కలై పడున్నారు అని మొదలుపెట్టి మొత్తం కక్కేస్తాడు. పచ్చగడ్డి అన్న మాట ఇంక ఆ గదిలో ఎవరూ వాడలేరు. హెమింగ్వే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’లో హీరో నోట ఇదే సంగతి ఇంకోలా వస్తుంది: కీర్తి, గౌరవం, ధైర్యం లాంటి మాటలు వినడానికే బూతులా ఉన్నాయి, ఊళ్ళ పేర్లకీ, రోడ్ల నంబర్లకీ, తేదీలకీ మాత్రమే ఇంకా పరువుంది అని. ఆయన వాక్యాలు అంత పొట్టిగా, ఎండు పుల్లల్లా ఎందుకుంటాయో అక్కడ తెలుస్తుంది. స్టైల్ కోసం కాదు, మిగతా మాటల మీద నమ్మకం పోయి.

కాబట్టి పెద్ద మాట కనపడినప్పుడల్లా ఎవరి నోట్లో ఉందో చూడండి. ఎక్కువగా టీచర్లు, అధికారులు, మామయ్యలు.

ఒక పిట్టకథ. ఈ తరానికి ‘లాస్ట్ జనరేషన్’ అన్న పేరు పారిస్‌లో ఉండే అమెరికన్ రచయిత్రి గెర్ట్రూడ్ స్టైన్ పెట్టిందని అందరూ అంటారు, నిజమే. కానీ హెమింగ్వే చనిపోయాక 1964లో వచ్చిన ‘ఎ మూవబుల్ ఫీస్ట్’లో ఆయన చెప్పిన ప్రకారం ఆ మాట పుట్టింది ఒక కారు షెడ్‌లో. స్టైన్ గారి ఫోర్డ్ కారు సరిగా బాగుచేయలేదని షెడ్డు ఓనరు, యుద్ధంలో పనిచేసొచ్చిన కుర్రాడిని మీరంతా చెడిపోయిన తరం అని తిట్టాడట, ఆవిడ ఆ తిట్టు తెచ్చి వీళ్ళకి తగిలించింది. వందేళ్ళుగా సాహిత్య చరిత్రలో గొప్ప బిరుదులా మోస్తున్నది అసలు ఒక మెకానిక్ కుర్రాడికి పడిన చీవాట్లు.

స్టెప్ 4: డబ్బు ఎక్కడుందో చూడండి

ఇది త్వరగా చెప్పేస్తా. భావాలు అబద్ధం చెప్తాయి, బిల్లులు చెప్పవు. ‘ద సన్ ఆల్సో రైజెస్’లో కథ చెప్పే జేక్, యుద్ధంలో గాయపడినవాడు, ఒక రాత్రి ఇంటికొచ్చి బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసుకుంటాడు, 2432.60 డాలర్లు, నాలుగు చెక్కులు తీసేస్తే 1832.60. మొదటిసారి చదివినప్పుడు ఈ లెక్క ఎందుకురా మాకు అనుకున్నా. తన గాయం గురించి ఒక్క ముక్క తిన్నగా చెప్పనివాడు బ్యాంక్ బ్యాలెన్స్ మాత్రం సెంట్లతో సహా చెప్తున్నాడు, ఎందుకంటే ఆ లెక్క ఒక్కటే తేలుతుంది. చివర్లో ఫ్రాన్స్ తిరిగొచ్చి వెయిటర్‌కి టిప్ ఎక్కువ ఇచ్చి, ఇక్కడ స్నేహం ఎంత తేలికో అనుకుంటాడు, నవ్వుకుంటూనే గానీ అందులో నొప్పి ఉంది.

ఇన్ఫ్లేషన్ కథ కావాలంటే రెమార్క్‌దే ‘ద బ్లాక్ ఆబెలిస్క్’ ఉంది, 1923 నాటి సమాధి రాళ్ళ కంపెనీ, నవ్వీ నవ్వీ కడుపు నొప్పి వస్తుంది. రేట్లు పెరగక ముందు కొనుక్కున్న హోటల్ భోజనం కూపన్లు పట్టుకుని ఇద్దరు మిత్రులు రోజూ వెళ్ళి తింటుంటే ఆ హోటల్ ఓనరు ఎడ్వర్డ్ మొహం చూడాలి.

స్టెప్ 5: వెలివాళ్ళే వేసిన వెలి

ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది. సమాజం వీళ్ళని బయటికి నెట్టింది, పాపం అనుకుంటూ చదువుతాం, కన్నీళ్ళు కూడా పెడతాం. కానీ మంచి నవల అక్కడ ఆగదు. బయట నిలబడ్డవాళ్ళు కలిసి ఒక గుంపవుతారు, ఆ గుంపుకి ఒక గీత ఉంటుంది, ఆ గీత అవతల ఇంకొకడు ఉంటాడు.

హెమింగ్వే నవల్లో వాడు రాబర్ట్ కోన్. యూదుడు, గుంపులో యుద్ధానికి వెళ్ళనివాడు. జేక్ ప్రేమించే బ్రెట్ అనే ఆవిడతో కొన్ని రోజులు గడిపి అది ప్రేమే అనుకుని వెంట తిరుగుతుంటాడు, భ్రమలు ఇంకా ఉన్నాయన్నదే వీళ్ళ దృష్టిలో వాడి నేరం. స్పెయిన్‌లోని పాంప్లోనా పండగలో గుంపంతా ఆబోతుల్ని బోన్లలోంచి దింపడం చూడ్డానికి వెళ్తారు. పొగరుగా దిగే ఆబోతుల్ని నెమ్మదింపజేయడానికి కింద ఎద్దుల్ని నిలబెడతారు. ఈ తేడా మన పాఠకుడికి చెప్పనక్కర్లేదు, ఆబోతు వేరు ఎద్దు వేరు, మధ్యలో ఏం తీసేశారో పల్లెటూళ్ళో పెరిగినవాడికి తెలుసు. ఒక ఎద్దుకి కొమ్ము దిగుతుంది, అది గోడ పక్కన ఒంటరిగా నిలబడిపోతుంది, మంద దాని దగ్గరికి పోదు. ఆ తర్వాత కేఫ్‌లో బ్రెట్‌ని పెళ్ళాడబోయే మైక్ తాగిన మత్తులో కోన్‌ని పట్టుకుని నువ్వు ఎద్దుగా పుట్టాల్సింది, ఏమీ మాట్లాడకుండా వెంటపడి తిరుగుతుంటాయి అని పొడుస్తాడు.

అక్కడ పుస్తకం పక్కన పెట్టి ఒక నిమిషం ఆలోచించండి, ఆ బల్ల దగ్గర నిజంగా గాయపడి మగతనం పోయినవాడు ఎవరు? జేక్. కథ చెప్తున్నవాడు. ఆ తిట్టు వాడికే తగలాలి, కానీ వాడు ఊరుకుంటాడు. పైగా కోన్‌ని మైక్ పొడుస్తుంటే చూడ్డం తనకి ఇష్టంగానే ఉందని, తర్వాత తన మీద తనకే అసహ్యం వేస్తుందని చల్లగా ఒప్పుకుంటాడు కూడా. ఈ ఒక్క ఒప్పుకోలు కోసం నేను ఆ పుస్తకాన్ని క్షమించా. పూర్తిగా కాదు, యూదు అన్న మాటని ఆ గుంపు ఎలా వాడుతుందో చదువుతుంటే ఒళ్ళు మండుతుంది, ఎంత పాత్రల నోటి మాట అనుకున్నా రచయిత కూడా ఆ బల్ల దగ్గరే కూర్చున్నట్టు కొన్నిచోట్ల అనిపిస్తుంది, మీరూ చూసి చెప్పండి.

గొలుసు ఇంకా ఉంది. మోంతోయా అని అక్కడి హోటల్ ఓనరు, ఎద్దుల పోరు అంటే భక్తి ఉన్న మనిషి, జేక్‌ని తనవాడిగా చూసుకుంటాడు. 19 ఏళ్ళ కుర్ర మటడోర్ రొమేరోని ఈ తాగుబోతు గుంపు చెడగొడుతుందని ఆయన భయం. జేకే స్వయంగా ఆ కుర్రాడిని బ్రెట్‌కి పరిచయం చేస్తాడు. అంతే, తర్వాత మోంతోయా తల కూడా ఊపడు. హోటల్ ఖాళీ చేసే రోజు ఆయన దగ్గరికి రాడు, పనమ్మాయితో బిల్లు పంపుతాడు. కోన్‌కి వీళ్ళు వేసిన వెలి కనపడుతుంది, అరుపులు, గుద్దులు, ఏడుపు. జేక్‌కి పడిన వెలి రెండు లైన్లలో అయిపోతుంది, దాటేసి పోతాం, నేను రెండుసార్లు దాటేశా.

రెమార్క్‌లో ఇదే ఇంకా కిరాతకంగా ఉంటుంది. మాక్స్ వైల్ అనే యూదు సైనికుడు వీధిలో జనం ముందు నిలబడి కాల్చొద్దని అడుగుతుంటే కాల్చమని ఆర్డరిచ్చేది ఒకప్పుడు తన కంపెనీ కమాండరే. నిన్నటి దాకా ఒకే కందకం.

ఈ స్టెప్‌లో ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: ఈ పుస్తకంలో అసలు కనపడనివాళ్ళు ఎవరు? పారిస్‌లో తాగుతూ బాధపడటానికైనా జేబులో డాలర్లుండాలి. టోని మోరిసన్ ‘సూలా’ 1973లో వచ్చింది, అందులో షాడ్రాక్ అనే నల్ల సైనికుడు 1919లో ఒంటరిగా, దిక్కుతోచక ఇంటికొచ్చి, ఏడాదికొక రోజుని ఆత్మహత్యల రోజుగా ప్రకటించి గంట వాయిస్తూ వీధిలో నడుస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పదమూడు లక్షల మంది దాకా మన దేశం నుంచి పనిచేశారు, వాళ్ళలో ఒకడి కథ కావాలంటే ముల్క్ రాజ్ ఆనంద్ ‘ద స్వోర్డ్ అండ్ ద సికిల్’ చూడండి, జర్మన్ల చేతిలో బందీగా ఉండి తిరిగొచ్చిన పంజాబీ సిపాయి లాలూకి భూమి లేదు, ఇస్తామన్న ప్రతిఫలం లేదు. వాడికి నిస్పృహ ఒక మూడ్ కాదు, భూమి పట్టా సమస్య.

స్టెప్ 6: రెండు వైపులా మూసుకున్న తలుపు

ఇప్పుడు దజాయ్. ఈయన్ని చివర పెట్టడానికి కారణం, ఇక్కడ బయటికి పోయేది పేద సైనికుడు కాదు, పెద్దింటివాళ్ళు. జాలి పడాలా వద్దా అని మనకే తెలీదు. ‘ద సెట్టింగ్ సన్’ 1947లో వచ్చింది, అదే ఏడాది కొత్త రాజ్యాంగంతో జపాన్‌లో కులీన బిరుదులు రద్దయ్యాయి. నవల ఎంత పట్టుకుందంటే అలా దిగజారిన గొప్పింటివాళ్ళని అస్తమిస్తున్న సూర్యుడి జాతి అనే అర్థంలో ‘షాయోజోకు’ అనడం మొదలైంది.

కథ చెప్పే కజుకో, వాళ్ళమ్మ టోక్యో ఇల్లు అమ్మేసి ఇజు అనే పల్లె ప్రాంతంలో చిన్నింటికి చేరతారు. జమీందారీలు పోయాక మన దగ్గర కూడా ఇలాంటి ఇళ్ళు చూశాం, నగలు ఒక్కోటి షావుకారు దగ్గరికి పోతుంటాయి కానీ సూప్ తాగే తీరు మాత్రం మారదు. ఇక్కడ వస్తువుల్ని పట్టుకోండి. కజుకోకి యుద్ధం మిగిల్చిన ఆస్తి, బలవంతంగా కూలి పనికి తీసుకెళ్ళినప్పుడు దొరికిన గుడ్డ బూట్లు. వాటితోనే ఇప్పుడు పొలం చేస్తుంది. ఒకవైపు అమ్ముడుపోతున్న కిమోనోలు, ఇంకోవైపు ఆ బూట్లు, వాటి మీద పెన్సిల్ గుర్తులు పెట్టుకుంటూ పోతే మిగతా కథ దానంతటదే విప్పుకుంటుంది.

తమ్ముడు నవోజి దక్షిణ పసిఫిక్ నుంచి మత్తుమందు అలవాటుతో తిరిగొస్తాడు. ఆత్మహత్యకి ముందు వాడు రాసిన చివరి ఉత్తరం తప్పకుండా రెండుసార్లు చదవండి. జనంలో కలిసిపోవాలని మోటుగా మాట్లాడ్డం నేర్చుకున్నా, తాగా, మత్తులో పడ్డా, అయినా వాళ్ళు నన్ను లోపలికి రానివ్వలేదు, మర్యాదగా దూరం పెట్టారు, ఇంక వెనక్కి ఆ గొప్పవాళ్ళ గదుల్లోకి పోదామంటే అదీ చేతకాదు, ఇదీ దాని సారం. వాడు ఏ బల్ల దగ్గరా సరిపోడు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ చదివినవాళ్ళకి ఇక్కడ సీతారామారావు గుర్తొస్తాడు, నాకైతే వెంటనే వచ్చాడు, వంశ గౌరవం అనే మూట దించలేక మోయలేక. కానీ ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి, సీతారామారావు వెనక ఓడిపోయిన యుద్ధం లేదు, వాడి పోరు ఎక్కువ భాగం తన తలలోదే.

రచయిత జీవితాన్ని పట్టుకొచ్చి నవల మీద పరిచేయడం మానుకోండి అని అందరికీ చెప్తుంటా, దజాయ్ 1948 జూన్‌లో కాలువలో దూకి చనిపోయాడు కాబట్టి నవోజి అంటే దజాయే అని తేల్చేస్తారు. అయితే ఒక జీవిత వివరం మాత్రం తెలుసుకోవాలి: కజుకో గొంతులో చాలా భాగం ఓత షిజుకో అనే ఆవిడ డైరీ నుంచి వచ్చింది. బయటికి నెట్టబడ్డవాళ్ళ గురించిన గొప్ప నవల, అట్ట మీద ఆవిడ పేరు లేదు.

స్టెప్ 7: ముగింపు దగ్గర తొందరపడకండి

ఈ నవలల్లో చావులు చాలా ఉంటాయి. ‘ద రోడ్ బ్యాక్’లో గియోర్గ్ రాహె ఫ్రాన్స్‌లోని పాత యుద్ధభూమికి తిరిగెళ్ళి అక్కడే కాల్చుకుంటాడు, బతికున్నవాళ్ళ మధ్య దొరకని చోటు సమాధుల మధ్య వెతుక్కున్నాడు. అందుకని అన్నీ చావుతోనే ముగుస్తాయని రాసేయకండి. కజుకో పెళ్ళి లేకుండా బిడ్డని కని పెంచుతానని రాస్తుంది, పాత నీతి మీద అదే తన యుద్ధం అంటుంది. అది ఆశా, పిచ్చి ధైర్యమా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు, ఒక్కో వయసులో ఒక్కోలా అనిపిస్తోంది. బెక్‌మన్ జవాబు చెప్పేవాడే లేడా అని అరుస్తుండగా తెర పడుతుంది. జేక్, బ్రెట్ మాడ్రిడ్‌లో టాక్సీలో ఉంటారు, మనిద్దరం కలిసుంటే ఎంత బాగుండేదో అని ఆవిడ అంటుంది, ఎదురుగా ఖాకీ బట్టల పోలీసు లాఠీ పైకెత్తుతాడు, బండి ఆగుతుంది, అలా అనుకోవడం బాగానే ఉంటుంది కదా అన్నట్టు జేక్ ఒక పొడి మాట అంటాడు. భ్రమ వీడినవాడు మాట్లాడితే ఇలా ఉంటుంది, ఏడవడు, ఓదార్చడు.

ఒక జాగ్రత్త: ఇవి వరసగా నాలుగూ చదివితే మనసు నిజంగానే బరువెక్కుతుంది, ముఖ్యంగా మీ రోజులు అంత బాగా లేనప్పుడు. మధ్యలో ఒక వారం గ్యాప్ ఇచ్చి వేరేదేదైనా చదువుకోండి, ‘బ్లాక్ ఆబెలిస్క్’ అయినా పర్లేదు, కూపన్ల సీన్ ఉంది కదా.

స్టెప్ 8: మొదటి పేజీకి తిరిగెళ్ళండి

నోట్‌బుక్‌లో తలుపులు, బల్లలు, పెద్ద మాటలు, బిల్లులు అన్నీ చేరాక హెమింగ్వే మొదటి పేజీ మళ్ళీ తెరవండి. మొదటి వాక్యం జేక్ గురించి కాదు, బ్రెట్ గురించి కాదు, యుద్ధం గురించి అసలే కాదు. రాబర్ట్ కోన్ ఒకప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో మిడిల్‌వెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ అని ఉంటుంది, వెంటనే ఆ బిరుదు చూసి నేనేమీ గొప్పగా అనుకోలేదులెండి అని జేక్ సన్నగా ఒక చురక వేస్తాడు. ఆ తర్వాత ప్రిన్స్‌టన్‌లోనే కోన్‌కి తను యూదుడినని గుర్తు చేశారని, దాన్ని తట్టుకోవడానికే వాడు బాక్సింగ్ నేర్చుకున్నాడని చెప్తాడు. మొదటిసారి చదివినప్పుడు అది పాత్ర పరిచయంలా కనపడింది. ఇప్పుడు చదవండి, ఆ చురక వేస్తున్నది ఎవరో, తర్వాత ఎవరి హోటల్ బిల్లు పనమ్మాయి చేతిలో వస్తుందో తెలిసి.